ఎండిన హౌజులో సైదమ్మ

వాయిలకుంట గడీలో దొరకు ఈత హౌజు ఒకటుండేది. ఊరికి మంచినీళ్లు ఇవ్వడానికి కాదు, మడి తడపడానికి కాదు, గొడ్లు తాగడానికి కాదు. దొర ఒక్కడు పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి దిగి ఈదడానికి. పట్నంలో ఏ నవాబు దేవిడీలోనో చూసొచ్చి, ఆ ఏడాదే గడీ వెనుక పెరట్లో తవ్వించాడు. తవ్వింది వెట్టి. బండలు మోసింది వెట్టి. గచ్చు దంచింది వెట్టి. వెట్టి బందు అని సర్కారు ఎన్నడో ఫర్మానా తీసిందని చదువుకున్నోళ్లు చెప్పేవాళ్లు. ఆ కాగితం తిరుమలగిరి దాకా వచ్చిందో రాలేదో కాని, వాయిలకుంట గవిని మాత్రం దాటలేదు.

హౌజు నీళ్లు తేటగా ఉండాలని దొరకు పిచ్చి. మెట్ల మీద నిలబడి వెండి రూపాయి ఒకటి నీళ్లలోకి విసిరేవాడు. అది అడుగుకు చేరినాక దాని మీది రాతలు పైకి కనబడాలి. కనబడకపోతే ఆ పూట ఎవరి వీపో చిట్లేది.

అంత తేట నీళ్లు వాటంతట అవి ఉంటాయా? వేపాకులు, పురుగులు రాలితే గుడ్డ జల్లెడ పట్టి తీసేవాడు తెనుగు కులపు మనిషి. చాకలామె చిల్లగింజలు సానరాయి మీద అరగదీసి ఆ గంధం కలిపితే మురికి అడుక్కు దిగేది. దోమపిల్లలను తినడానికి కుంటలోంచి చేపపిల్లలను తెచ్చి వదిలేవాళ్లు. ఇన్ని చేసినా ఎండకాలంలో వారం తిరిగేసరికి గోడలకు పాకుడు పట్టేది. అప్పుడిక తూము తీసి నీళ్లన్నీ విడిచేసి, చేపలను కడవకెత్తి, ఇటుక ముక్కతో అడుగంతా గీకి, సున్నపు నీళ్లతో కడిగి మళ్లీ నింపాలి. ఆ గీకే పని మాదిగవాడది. వాడలో సైదమ్మది.

సైదమ్మకు నలభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, గట్టి గొంతు. ఆమె నవ్వితే వాడ ఆ చివరి దాకా వినబడేది, తిడితే ఊళ్లోకి వినబడేది. ఏళ్ల తరబడి సున్నంలో నిలబడి పనిచేసి అరికాళ్లు తినేసినట్టు అయిపోయాయి. నడిస్తే నిప్పుల మీద నడిచినట్టు నడిచేది. "గడీల దొరసాండ్లకు పారాణి, నాకు సున్నం, ఎవల సింగారం వాళ్లది" అని తన కాళ్లు తనే చూపించి నవ్వేది. పెనిమిటి మైసయ్య చెప్పులు కుట్టేవాడు, మోటలకు తోలు బొక్కెనలు కుట్టేవాడు. ఒక్కతే బిడ్డ, జంగమ్మ. తొలికాన్పుకు తల్లిగారింటికి వచ్చి ఉంది.

హౌజు కడగడానికి ఒక పద్ధతి పెట్టారు గడీవాళ్లు. ఆ పద్ధతి వింటే ఎవరికైనా కడుపు మండాలి. మండకపోతే ఆ మనిషిలోనే ఏదో లోపం ఉందనుకోవాలి. సైదమ్మ మెట్ల మీదుగా దిగరాదు. తూము దిక్కున వెదురు నిచ్చెన వేస్తారు, దాని మీద దిగాలి. నీళ్లు చుక్క లేకుండా పోయినాకే దిగాలి. మళ్లీ నీళ్లు విడవకముందే ఎక్కాలి. ఆమె ఉన్నంతసేపు ఊరోళ్లెవరూ అందులో కాలు పెట్టరు. ఆమె ఎక్కినాక పెద్ద దొరసాని, అంటే దొర తల్లి, పసుపు నీళ్లు చల్లిస్తుంది. అప్పుడు మొదటి మోట నీళ్లు పడితే ఆమె అంటు కడుక్కుపోయినట్టు లెక్క. నీళ్లుండగా ఆమె వేలు తగిలిందంటే హౌజంతా మైల, మొత్తం వదిలేయాల్సిందే. చేతులారా కడిగిన మనిషే మురికి! ఇంతకీ ఆ మొదటి మోట నీళ్లు దేంట్లో వచ్చేవి? మైసయ్య చచ్చిన బర్రె తోలు ఊనబెట్టి, కుట్టి ఇచ్చిన బొక్కెనలో. మొగుడు కుట్టిన తోలులోంచి పడిన నీళ్లు పెళ్లాం అంటును కడిగేవన్నమాట. ఇది చెబితే పెద్ద దొరసాని తల తిప్పుకునేది. ఆమెకు తెలియదనుకోవద్దు, బాగా తెలుసు.

ఇంతవరకైతే సైదమ్మ నవ్వుకుంటూనే చేసేదేమో. కాని నీళ్ల సంగతి ఒకటుంది.

హౌజు నింపేది గడీ పెద్దబాయి నుంచి. దానికి దిగువన, పిలిస్తే పలికేంత దూరంలో, మాదిగవాడ బాయి. రెంటికీ జల ఒక్కటే. నాలుగు మోటలు కట్టి హౌజు నింపడం మొదలుపెడితే దిగువ బాయిలో నీళ్లు కళ్ల ముందే దిగిపోయేవి. చివరికి బురద మిగిలేది. మళ్లీ ఊరడానికి రోజులు పట్టేవి. ఊరి బాయికి వాడోళ్లు పోరాదు. ఇక కుంటే గతి. పోయిన ఎండకాలం అట్లనే బర్లు పొర్లిన కుంట నీళ్లు తాగి వాడలో గత్తర, అదే కలరా, తగిలింది. మారెమ్మ అనే ఆమెకు పక్కపక్క గుంతల్లో ఇద్దరు పిల్లలను పూడ్చుకునే రాత పట్టింది. రాసింది దేవుడని గడీవాళ్లన్నారు. దేవుడికేం పని? రాసింది హౌజు.

ఈ ఎండకాలం జంగమ్మ బాలింత. పసిగుడ్డు ఒళ్లో ఉంది. కాన్పు అయిన తెల్లారే గడీ నుంచి కబురు: తాలూక్దారు సాబు దౌరా మీద వస్తున్నాడు, రేపు పొద్దున్నకు గడీలో దిగుతాడు, ఆయనకు ఈత సరదా, హౌజు కడగాలె.

సైదమ్మ ఆ పొద్దున్నే గడీ వెనుక వాకిట్లోకి వచ్చి నిలబడింది. గుమాస్తా మల్లప్ప తూము తీయిస్తున్నాడు. పాత నీళ్లు మనిషి లోతు ఉన్నాయి. కొంచెం పాకుడు వాసన తప్ప నీళ్లకు ఏ రోగమూ లేదు.

"అయ్యా, ఒక్కమాట," అంది సైదమ్మ. "ఈ నీళ్లు ఎటైన ఇడిసేటియే గద. తోటకు గాకుండ జర మా బాయి దిక్కు కాలువ మలపరాదుండ్రి. పొద్దుమాపు దాక మోటలు కొడ్తరాయె, మా బాయి అడుగంటుతది. ఇంట్ల బాలింత ఉన్నది."

మల్లప్ప పకపక నవ్వాడు. "ఓ సైదీ, దొర తానమాడిన నీళ్లు నీ బిడ్డ తాగుతదా? పెద్ద ఆశనే ఉన్నదే నీకు!"

"తాగుతది అయ్యా. మీ దొర ఏమన్న ఇసమా?"

అరుగు మీద చుట్ట కాలుస్తున్న దొరకు ఆ మాట వినబడింది. "ఏందిరా అది?"

మల్లప్ప చెప్పాడు. దొర కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. తర్వాత అన్నాడు: "నా ఒంటికి తగిలిన నీళ్లు మాదిగోళ్ల కడవలకు పోవుడేందిరా? నా ఒళ్లు మైల పడదా? మామిడి తోటకు మలుపుండ్రి."

ఒంటి మీద నుంచి జారిపోయిన నీళ్లు కూడా ఆయన ఒళ్లేనట! నీళ్లన్నీ మామిడి చెట్ల పాదుల్లోకి పోయాయి. అక్కడ అప్పటికే తడి ఉంది.

సైదమ్మ నిచ్చెన మీద దిగింది. ఇటుక ముక్క పట్టి గోడలు గీకింది, మూలలు గీకింది, మెట్ల సందుల్లో వేళ్లు దూర్చి పాకుడు లాగింది. గంపలకెత్తి ఇచ్చింది. సున్నపు నీళ్లు పోసి ఈత చీపురుతో ఊడ్చింది. సూర్యుడు నడినెత్తి మీదికి వచ్చేసరికి హౌజు కడిగిన కంచంలా తెల్లగా ఉంది. పనిలో వంక పెట్టడానికి వీలులేకుండా చేసింది ఆ పూట.

పైన పెద్దబాయి దగ్గర లచ్చయ్య అనే జీతగాడు ఎడ్లను పూన్చి మోటలన్నీ సిద్ధం చేసుకున్నాడు. మల్లప్ప గట్టు మీదికి వచ్చి చేయి ఊపాడు. "అయింది గదనే, ఎక్కు ఎక్కు. నీళ్లు ఇడుస్తున్నం."

సైదమ్మ హౌజు నడిమధ్యకు పోయింది. కొంగు నెత్తి మీద కప్పుకుని కూర్చుంది.

"ఏమైందే? కాళ్లు పట్టినయా?"

"పట్టలే అయ్యా. ఎక్క."

"ఎక్కవా?"

"ఎక్క. ఇడువుండ్రి నీళ్లు. నేనిన్నే ఉంట."

మల్లప్ప చుట్టూ ఉన్నవాళ్లను చూశాడు. అతనికి అప్పుడు అర్థమైంది. ఆమె ఉండగా నీళ్లు పడితే హౌజంతా మైల. వదిలేయాలి, మళ్లీ కడగాలి. కడగడానికి మళ్లీ వాడమనిషే దిగాలి. ఆమెను లాగేయాలంటే ఎవరు దిగాలి? తను దిగడు. తెనుగు మనిషి దిగడు. చాకలామె దిగదు. లచ్చయ్య "నా కులమోళ్లు నన్ను బయటేస్తరు" అని ఎడ్ల వెనుకకు పోయి నిలబడ్డాడు. వాళ్లు పెట్టిన పద్ధతే వాళ్ల కాళ్లకు అడ్డం పడింది.

గడీలో ఒక రోహిల్లా జవాను కాపలా ఉండేవాడు. మల్లప్ప అతన్ని పిలిచాడు. "నువ్వైతే తురకోనివి, నీకు అంటూ ముట్టూ లేదు. గుంజి పారెయ్యి దాన్ని."

అతను గడ్డం నిమురుకుని పెద్ద దొరసాని గది కిటికీ వైపు చూశాడు. "నేను దిగుత. దిగినంక గా అమ్మ ఈ హౌజును ఏమంటదో జర అడిగి రా."

అడగనక్కర లేకపోయింది. కిటికీలోంచే కేక వినబడింది: "వాడు దిగిండంటె నేను గడీ ఇడిసిపోత!"

దొర వచ్చాడు. మొదట తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయలేం. తర్వాత రాళ్లు వేయించాడు. ఒక రాయి సైదమ్మ కనుబొమ్మకు తగిలింది. నెత్తురు కంట్లోకి జారింది. కొంగుతో అదిమి పట్టుకుంది కాని లేవలేదు. పొడుగాటి వెదురు తెప్పించి గట్టు మీద నుంచి పొడిపించాడు. ఆమె వెదురు కొస పట్టుకుని లాగేసరికి, పొడుస్తున్న మనిషి హౌజులో పడబోయి ఆ వెదురు విడిచి పారిపోయాడు. దొర మొహం కందిపోయింది. లోపలికి పోయి తుపాకి పట్టుకొచ్చాడు.

మళ్లీ కిటికీలోంచి తల్లి గొంతు: "ఏం పని బిడ్డా అది? పీనుగ పడ్డ హౌజుల నువ్వు ఈదుతవా? తాలూక్దారును ఈదమంటవా?"

తుపాకి దిగిపోయింది. ఒక మనిషి ప్రాణానికి అడ్డం వచ్చినది ఏమిటో చూశారా? జాలి కాదు, ధర్మం కాదు, సర్కారు భయం అంతకన్నా కాదు. ఈతకు పనికిరాదేమోనని!

అప్పుడు దొరకు ఉపాయం తోచింది. వాడమనిషిని వాడమనిషి చేతనే లాగించాలి. మైసయ్యను రమ్మని మస్కూరిని, అంటే ఊరి బంట్రోతును, పంపాడు.

మైసయ్య తోలు కుట్టే ఆరె చేతిలో అట్లాగే పట్టుకుని పరుగున వచ్చాడు. మైసయ్య ధైర్యమున్న మనిషి కాదు. ఉందని చెబితే అబద్ధమవుతుంది. దొరకు సాగిలపడి, నిచ్చెన మీద దిగి, పెళ్లాం దగ్గరికి పోయి గుసగుసగా అన్నాడు: "లేవే సైదీ. సంపుతరు."

"సంపితె హౌజు కరాబైతదట. ఇప్పుడే వాళ్లమ్మ చెప్పింది. ఇనలేదా నువ్వు?"

"నీకు పరాచికమైంది. నా మాట ఇను."

"జంగమ్మ నాయినా, నువ్వు వచ్చేటప్పుడు మన బాయి చూసినవా?"

"చూసిన."

"నీళ్లెంతున్నయి?"

"ఉన్నయి. నిన్నటి లెక్కనే ఉన్నయి. మోటలు కట్టలేదు గద."

"మోటలెందుకు కట్టలే?"

మైసయ్య గట్టు మీది దొరను చూశాడు. పెళ్లాం కనుబొమ్మ మీద ఎండిపోతున్న నెత్తురు చూశాడు. అప్పటిదాకా అతనికి ఈ సంగతి తట్టలేదు. ఆమె అక్కడ కూర్చున్నంతసేపు మోట కదలదు. మోట కదలనంతసేపు వాడ బాయి దిగదు. దొర ఇచ్చేది లేదు, తాము అడిగేది లేదు.

మైసయ్య ఆరె బొడ్లో దోపుకుని, ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఒకదాన్ని తియ్యిమంటె ఇద్దరైరి!" అని మల్లప్ప నెత్తి కొట్టుకున్నాడు. "దొరా, వాడకెల్లి ఇంకొగన్ని పిలుద్దుమా?"

"పిలువకురా!" దొర అరిచాడు. "వాడంత దిగుతది."

గడీ వెనుక గోడ అవతల అప్పటికే వాడ ఆడవాళ్లు చేరారు. ఎవరు చెప్పారో ఏమో, చేతుల్లో కడవలు, కుండలు, కాగులు, ఆఖరికి పిల్లల గిన్నెలు కూడా. బాయికీ ఇళ్లకూ మధ్య తిరుగుతున్నారు. ఉన్నన్ని నీళ్లు తోడి పెట్టుకోవాలని ఆరాటం. అందరికన్నా గట్టిగా మారెమ్మ గొంతు: "సైదక్కా! కడవ మునుగుతాంది అక్కా! లేవకు!"

"లేవనే పోరీ! మా జంగమ్మకు ముందుగాల పొయ్యి. మరిగించి పొయ్యి, పచ్చినీళ్లు తాగనియ్యకు!"

"నీకు తాగనీకి?"

"నాకెందుకే? నీళ్ల హౌజుల కూసున్న!"

గోడ అవతల నవ్వు. గట్టు మీద లచ్చయ్య కూడా నవ్వి, దొర చూసేసరికి దగ్గు నటించాడు. తెల్లటి గచ్చు మీద ఎండ మంటలా కొడుతోంది. పొద్దుటి నుంచి ఆమె గొంతులో చుక్క పడలేదు. పెదాలు పగిలిపోయాయి. నీళ్ల కోసం కట్టిన చోటే ఒక మనిషి నాలుక పిడచగట్టి కూర్చుని ఉంది. గట్టు మీద దొర గ్లాసెడు షర్బత్ తాగుతూ ఆమెను చూస్తున్నాడు. ఎండకు తట్టుకోలేక తనే ఎక్కుతుందని ఆశ.

ఎక్కలేదు. పొద్దు వంగింది. లచ్చయ్య గట్టు దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని అన్నాడు: "దొరా, ఎడ్లను ఇడిసేదా? చీకట్ల మోట కొడితె కాళ్లిరుగుతయి." దొర గట్టు దిగి లోపలికి పోయాడు. లచ్చయ్య ఎడ్లను విప్పాడు. మోటలకు కట్టిన తోలు బొక్కెనలు ఆ రోజు తడవనే లేదు.

ఎడ్ల మెడల గంటలు కొట్టం వైపు పోయినాకే సైదమ్మ లేచింది. మైసయ్య భుజం పట్టుకుని నిచ్చెన ఎక్కింది. ఎక్కిన చోటే పట్టుకున్నారు.

ఏం చేశారో దాచను. ఇద్దరినీ గడీ ముందున్న కంబానికి కట్టి చింతబరికెలతో కొట్టించారు. మైసయ్య కుడిచేయి విరిగింది, ఆరె పట్టే చేయి. గుడిసె కప్పు పీకించారు. తెల్లారేసరికి ఊరు విడవాలని చాటింపు. తాలూక్దారు వచ్చాడు. ఎండిన హౌజు చూశాడు. వెనకాల ఏం జరిగిందో అడిగి తెలుసుకున్నాడు కూడా. తెలుసుకుని కోడిపలావు తిని పోయాడు. రయ్యతుల మీద దెబ్బలు పడితే విచారించడానికే సర్కారు ఆయనకు జీతమిస్తున్నది. విచారించాడు కదా మరి!

జంగమ్మను పసిగుడ్డుతో సహా బండెక్కించి ముగ్గురూ అల్లుడి ఊరు చేరారు. అక్కడ దొరల మీద జనాన్ని కూడగడుతున్న సంగపోళ్లు వచ్చి మైసయ్య చేయికి కట్టు కట్టించారు, సైదమ్మ చేత అన్నీ చెప్పించుకున్నారు. ఎండిన హౌజు మాట చుట్టుపక్కల ఊళ్లకు పాకింది. గడీల ముందు నుంచి పోతున్నప్పుడు చెప్పులు చేత పట్టుకునే జనం, ఈ కథ చెప్పుకుంటూ నవ్వడం మొదలుపెట్టారు. దొరలకు దెబ్బలకన్నా అది ఎక్కువ తగిలింది.

వాయిలకుంటలో ఏమైందంటే, పెద్ద దొరసాని హౌజుకు పుణ్యాహవచనం చేయించాలంది. చేయించాలంటే ముందు కడగాలి. కడగాలంటే వాడమనిషి దిగాలి. మస్కూరి వాడకు వచ్చి పిలిచాడు. ఆశ్చర్యం, మారెమ్మ రాననలేదు. "నేనొస్త," అని ఎదురొచ్చింది. "ఎప్పుడు దిగమంటరు? ఎంతసేపైన కూసుంట."

మస్కూరి ఆ మాట పోయి చెప్పాడు. ఆ తర్వాత గడీ నుంచి ఎవరికీ కబురు రాలేదు. వాడవాళ్లను దించడానికి భయం, ఊరివాళ్లు దిగరు, దొర తన చేతులతో ఇటుక ముక్క పట్టడు. ఆ ఎండకాలం మోటలు మళ్లీ కట్టలేదు. హౌజులో ఎండుటాకులు పడ్డాయి.

ఈ కబురంతా మోసుకుని మారెమ్మ అల్లుడి ఊరికి నడిచి వచ్చింది. సైదమ్మ వాకిట్లో మనుమరాలికి నూనె పెడుతోంది. కనుబొమ్మ మీద గాయం ఇంకా పూర్తిగా మానలేదు. మారెమ్మ ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పింది. పెద్ద దొరసాని తిట్లు కూడా అనుకరించి చూపింది. చివరికి, "బాయిల నీళ్లు నడుముల దాక ఉన్నయక్కా, ఎండకాలంల గట్ల ఎన్నడన్న చూసినమా?" అంది.

సైదమ్మ నవ్వుతుందనుకుంది. ఆమె నవ్వలేదు. నూనె చేయి ఆపి అడిగింది: "పూడిక తీసిండ్రా?"

"ఇంకా లేదక్కా."

"లేదా? వాడోళ్లందరు ఏం జేస్తున్నరు? నీళ్లను చూసుకుంట మురుస్తున్నరా? వానలు పడితె ఇంకేం తీస్తరు? గంపలు లేవా? పారలు లేవా? ఇంటికొకరు దిగుండ్రి. మైల గియిల ఏం లేదు, అది మన బాయి, మన చేతులు. రాళ్ల కట్టు తూర్పు దిక్కు ఒదులైంది, అదీ జూసుకోండ్రి. పోవే, ఇన్నే కూసున్నవెందుకు? అన్నం తిని పో."